కిటికీకి ఎదురుగా మా పెద్దమ్మ

మా పెద్దమ్మ చూపులో దోషం ఉందని కారంపూడిలో మా వీధి వీధంతా ఒక ఎండాకాలం పాటు నమ్మింది. నమ్మించింది ఏ మంత్రగాడో కాదు, నాటకాల మేస్టారు. ఆయనైనా కావాలని చెయ్యలేదు. ఆయన రిహార్సల్సుకి తీసుకున్న గది కిటికీ సరిగ్గా మా అరుగుకి ఎదురుగా ఉంది, అంతే. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఎనభైల్లో మాట ఇది. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. మొగుడు పోయాక బస్టాండు వెనక వీధిలో, ఇంటి అరుగు మీదే ఇడ్లీ కొట్టు పెట్టుకుంది. మా అమ్మా నాన్నా మాచర్ల వైపు రాళ్ల క్వారీల్లో పనికి పోతుంటే నేను చిన్నప్పటి నుంచీ ఆవిడ దగ్గరే ఉన్నాను. ఇరవై ఏళ్లు వచ్చేసరికి అదే అరుగుకి ఓ చివర మిషను వేసుకుని జాకెట్లు కుడుతున్నాను. ఇద్దరికీ ఆ అరుగే అన్నం పెట్టేది. నా జాకెట్లు పెళ్లిళ్లకీ పండగలకీ వచ్చేవి, ఆవిడ ఇడ్లీలు రోజూ పోయేవి. కాబట్టి అసలు అన్నం ఇడ్లీలదే.

పెద్దమ్మ ఇడ్లీలు దూదిలా ఉంటాయని పేరు. చట్నీ దగ్గర మాత్రం ఆవిడకి చెయ్యి రాదు. మనిషికి ఒక గరిటె. రెండో గరిటె అడిగినవాడిని ఏమీ అనదు, మొహంలోకి కన్నార్పకుండా చూస్తుంది. లోడు లారీని ఘాట్ రోడ్డులో ఒంటిచేత్తో తిప్పే డ్రైవర్లు కూడా ఆ చూపుకి "వద్దులే పెద్దమ్మా, సరిపోయింది" అని ఒట్టి ఇడ్లీ మింగేసి లేచిపోయేవాళ్లు. తర్వాత జరిగినదానికి ఆ చూపు కూడా కాస్త సాయం చేసిందని చెప్పక తప్పదు.

ఇక మేస్టారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవాడు. పిల్లలకి మామిడికాయ బొమ్మ ఇచ్చి వెయ్యమని, ఆయన కుర్చీలో కూర్చుని నాటకాలు రాసుకునేవాడు. ఏటా నరసరావుపేటలో నాటకాల పోటీకి ఒక జట్టుని తీసుకెళ్లడం, ఉత్త చేతులతో తిరిగి రావడం ఆయనకి ఆనవాయితీ. ఆ ఏడు మాత్రం బహుమతి కొట్టి తీరతానని పంతం పట్టి, ఎక్కడిదో పరదేశపు పాత నాటకం పట్టుకొచ్చాడు. అందులోవాళ్లకి పంచెలు కట్టించి, బొట్లు పెట్టించి తెలుగు చేశాడు. బట్టలు కుట్టే పని నాది కాబట్టి కొలతలకని రోజూ ఆ గదిలోకి పోతూ వస్తూ ఉండేదాన్ని. నాటకమంతా నాకు నోటికి వచ్చేసింది.

కథ చిన్నదే. ఒక ఊళ్లో ఒక పిల్ల నెయ్యి కుండ ఒలకబోస్తుంది. అమ్మ తంతుందని భయమేసి, ఊరి చివర ఒంటరిగా ఉండే ఆడమనిషి తనని చూసిందనీ, ఆ చూపుకే చెయ్యి వణికిందనీ చెబుతుంది. ఊరుమ్మడి ధాన్యం పుచ్చబెట్టిన ఊరిపెద్దకి ఆ మాట బాగా అక్కరకొస్తుంది. మందు వికటించిన వైద్యుడికీ అక్కరకొస్తుంది. ఇక చూడండి, ఎవరింట్లో ఏది చెడినా ఆ చూపు మీదికే పోతుంది. చివరికి పిల్ల భయపడి "నేను అబద్ధం చెప్పాను" అనబోతుంది. అంటే తనకీ చూపు తగిలిందంటారు. అందుకని అందరికన్నా గట్టిగా అదే అరుస్తుంది.

మేస్టారికి ఆ అరుపులంటే ప్రాణం. జట్టుని నిలబెట్టి పాఠం చెప్పేవాడు.

"నమ్మి అరవమాకండ్రా. నమ్మినోడు అట్టా అరవడు. పక్కోడు అరిచాడు, నేను అరవకపోతే నా వైపు తిరుగుతారని అరవండి. కడుపులోనించి రావాల!"

ఆ పాఠం నేను మిషను ముందు కూర్చుని విన్నాను. నిజమే కదా అనుకున్నాను. ఆ నాటకంలో ఆ ఒంటరి మనిషి మీద ఎవడికీ పగ లేదు. ఎవడి భయం వాడిది. ఆ భయాలన్నిటికీ కలిపి ఒక మనిషి కావలసి వచ్చింది. ఇంత తెలివైన సంగతి నాకు అర్థమైనందుకు ఆ పూట నా మీద నాకే గౌరవం కలిగింది. నాలుగు రోజులు తిరక్కుండా అది మా ఇంటి మీదికే వస్తుందని మాత్రం తట్టలేదు.

వచ్చింది ఇలాగ. అప్పట్లో మా వైపు జట్లలో ఆడవేషాలకి గుంటూరు నుంచి నటీమణిని పిలిపించేవాళ్లు. ఆవిడ ఒకే నెలలో ఎన్నో ఊళ్ల నాటకాలు ఒప్పుకుంటుంది కాబట్టి రిహార్సల్సుకి రాదు. ఆట రోజు పొద్దున బస్సు దిగుతుంది, మేస్టారు రాసిన కాగితం చూసుకుంటుంది, సాయంత్రానికి ఏడుస్తుంది. అప్పటిదాకా ఆవిడ స్థానంలో ఏదో ఒకటి పెట్టుకోవాలి. కొందరు ముక్కాలిపీట పెడతారు, కొందరు బిందె పెడతారు. మా మేస్టారి గది పత్తి బస్తాలు పెట్టుకునే గది. పీటకి కూడా చోటు లేదు.

"ఆవిడ కిటికీ దగ్గరుందనుకోండి. వేళ్లన్నీ అటు చూపియ్యండి" అన్నాడు.

కిటికీకి అవతల వీధి. వీధికి అవతల మా అరుగు. అరుగు మీద రుబ్బురోలు. సాయంత్రం సరిగ్గా రిహార్సలు వేళకే పెద్దమ్మ మర్నాటి పిండి రుబ్బుతూ కూర్చునేది.

పెద్దమ్మకి అదేమీ తెలియదు. సినిమాకి పోయే తీరిక లేని మనిషికి ఇంటి ముందుకే ఆట వచ్చింది. చెయ్యి పొత్రాన్ని తిప్పుతుంటే కళ్లు మాత్రం కిటికీలోనే ఉండేవి.

"నా వైపే తిరిగి చేస్తండారే పాపం. మర్యాద తెలిసిన పిల్లకాయలు" అని నాతో మురిసిపోయింది.

ఆ పిల్లకాయలు ఆవిడ వైపు వేళ్లు చాపి "అదిగో! ఆ చూపే! ఆ చూపే మనల్ని కాలుస్తోంది!" అని గొంతులు చించుకునేవాళ్లు. పెద్దమ్మ బాగుందన్నట్టు తలూపేది.

ఇది చూసేది ఆవిడొక్కతే అయితే గొడవ లేకపోవును. గది వెనక తలుపు దగ్గర సగం వీధి గుమిగూడేది. వాళ్లకి నటుల మొహాలు కనపడవు, వీపులు కనపడతాయి. ఆ వీపుల మధ్యనించి చాచిన చేతులు, చేతుల చివర కిటికీ, కిటికీలో మా పెద్దమ్మ. రెప్ప వెయ్యకుండా చూస్తూ, తల ఊపుతూ, గిర్రున ఏదో రుబ్బుతూ. ఇన్నేళ్ల తర్వాత నేనే ఆ తలుపు దగ్గర నిలబడి చూసినట్టు ఊహించుకుంటే నాకే కాస్త జంకు పుడుతుంది.

మొదట టీ కొట్టులో పాలు విరిగాయి. ఎండాకాలం పాలు విరగక పెరుగుతాయా? కానీ టీ కొట్టు అతను ముందురోజు సాయంత్రం తలుపు దగ్గర ఉన్నాడు. తర్వాత లారీ టైరు పేలింది. ఆ టైరుకి అసలు దారాలు బయటికొచ్చి చానాళ్లయింది. ఆ తర్వాత ఎదురింటి వదిన కొడుక్కి విరేచనాలు పట్టుకున్నాయి. వాడు మధ్యాహ్నమంతా పచ్చిమామిడికాయ ఉప్పూకారం అద్దుకుని తినడం నేను కళ్లారా చూశాను. వదిన మాత్రం తిన్నగా నా మిషను దగ్గరికొచ్చి నిలబడింది.

"మీ పెద్దమ్మ నిన్న మావాణ్ణి చూసిందంటనే?"

"చూడకేం వదినా. మా అరుగు మీదే కదా ఆడుకుంటా ఉంటాడు."

"అట్టా కాదు. కన్నార్పకుండా చూసిందంట."

"వాడు చట్నీ గిన్నెలో చెయ్యి పెట్టాడు!"

"అదే నేనడిగేది. చూసిందా, లేదా?"

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్న రకం మనుషులతో ఏం వాదిస్తాం? నేను నోరు పారేసుకున్నాను. దాంతో "మాట వస్తే చాలు ఎగిరిపడతంది చూడు, లోన ఏదో ఉంది" అని ఇంకో మాట పుట్టింది.

కొట్టుకి బేరం తగ్గడం ఒక వింత పద్ధతిలో మొదలైంది. ముందు మానేసింది తినడం కాదు, ఆవిడ మొహం చూడటం. నాటకంలో ఊరిపెద్ద వేషం వేసేది కాటా గుమాస్తా, లారీలు తూచే కాటా దగ్గర లెక్కలు రాసుకునే మనిషి. గొంతు నగారాలా ఉంటుంది కానీ గోడ మీద బల్లి కనపడితే గది ఖాళీ చేసేస్తాడు. రిహార్సల్లో అందరికన్నా పైకి చెయ్యెత్తి అరిచేది ఆయనే. పొద్దున్నే మా ఇడ్లీ తినకపోతే ఉండలేనిదీ ఆయనే. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇడ్లీ పొట్లం పుచ్చుకుని, పెద్దమ్మకి వీపు చూపిస్తూ రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన్ని చూసి పక్కవాడు తిరిగాడు. రెండు రోజుల్లో అరుగు మీద తినేవాళ్లంతా వరసగా రోడ్డు వైపు తిరిగి, బస్సు కోసం కాచుకున్నట్టు కూర్చోవడం మొదలెట్టారు. చట్నీ కావలసినవాడు ఆకుని భుజం మీదుగా వెనక్కి చాపేవాడు.

"ఏందే వీళ్లంతా రోడ్డు మీద చూస్తండారు? ఏనుగేమన్నా వస్తందా?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

నేను తల వంచుకుని మిషను చక్రం గిర్రున తిప్పాను.

తర్వాత మెట్టు మీద నిమ్మకాయలు రావడం మొదలైంది. కుంకుమ పూసి, కొన్నిటికి నాలుగు పక్కలా గాటు పెట్టి, ఎవరో తెల్లారేలోపల పెట్టి పోయేవాళ్లు. మేమింకా లేవకముందే అన్నమాట. పెద్దమ్మ వాటిని చూసి కంగారు పడలేదు. ఎవరో మార్కెట్టు సంచీలోంచి జారవిడుచుకున్నారనుకుంది. కుంకుమ కడిగేసి నిమ్మకాయ పులిహోర చేసింది. మిగిలినవి ఊరగాయ పెట్టింది. దిష్టి నిమ్మకాయల్ని తిని, పైగా బాగుందని పక్కింటికి కూడా పంపిన మనిషిని చూసి వీధి గుండె ఆగినంత పనైంది. మెకానిక్ భాయి మంచివాడు, పక్కనే సైకిళ్లూ మోటార్లూ బాగుచేసేవాడు. "నేనిట్టాంటివి నమ్మను పెద్దమ్మా" అని గట్టిగా అనేవాడు. అలా అంటూనే గాలి కొట్టే పంపుకి తాయెత్తు కట్టాడు.

ఇడ్లీలు మిగిలిపోసాగాయి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఇడ్లీ, సాయంత్రం ఆ ఇడ్లీనే చిదిపి ఉప్మా. మా బర్రె కూడా మొదట్లో సరదాగా తిని తర్వాత మొహం తిప్పుకుంది. నవ్వులాటగానే ఉంది గానీ మినప్పప్పు డబ్బా అడుగు కనపడుతుంటే నాకు గుబులు పట్టుకుంది. కొట్టు మూతపడితే మేమిద్దరం మాచర్ల పోయి రాళ్లు మొయ్యాలి. ఆ వయసులో పెద్దమ్మ తల మీద రాయి ఊహించుకునేసరికి నాకు కోపం ఆగలేదు. తిన్నగా రిహార్సలు గదికి పోయాను.

"మేస్టారూ, మీ నాటకం మా పొయ్యి ఆర్పేస్తంది" అని జరిగిందంతా చెప్పాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధతో అనుకున్నాను.

"అంత ఎక్కిందంటావా అమ్మాయ్ జనానికి?" అన్నాడు సంతోషంగా.

నేను చేతిలో కత్తెర పైకెత్తేసరికి కిందికి దిగాడు. సరే, దిక్కు మారుద్దామన్నాడు. గోడ వైపు చూపిద్దామంటే గోడకి దేవుడి క్యాలెండరు ఉంది. ఇంకో వైపు ఆయన కుర్చీ ఉంది. మీ వైపే చూపించుకోండి అన్నాను.

"నా వైపు వద్దమ్మాయ్, పిల్లలుగలవాణ్ణి" అన్నాడు. చూపులో ఏమీ లేదని, అంతా భయమేనని పొద్దస్తమానం పాఠం చెప్పే మనిషి!

మిగిలింది తలుపు వైపు. ఆ సాయంత్రం జట్టంతా కిటికీకి వీపు పెట్టి, ఒక్కసారిగా తలుపు వైపు తిరిగి "అదిగో! ఆ చూపే!" అని అరిచింది. తలుపు దగ్గర గుమిగూడినవాళ్లు కెవ్వుమని చెల్లాచెదురయ్యారు. ఒకాయన చెప్పులు వదిలేసి పోయాడు. అక్కడితో ఆగిందా? వేలు నిన్ను చూపించిందంటే నిన్ను చూపించిందని పూలమ్మే ఆవిడా పాలుపోసే ఆవిడా మర్నాడు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. వీధి పెద్దలు మేస్టారి దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"ముందునించీ ఉన్న పద్ధతి ఎందుకు మార్చావయ్యా? ఆ కిటికీ వైపే ఉంచు. అందరం సుఖంగా ఉన్నాం కదా" అన్నారు.

వేళ్లు మళ్లీ మా అరుగు మీదికే వచ్చాయి.

ఇక దాచలేక పెద్దమ్మకి చెప్పేశాను. ఆవిడ తిట్టిపోస్తుందనీ, వీధిలోకి దిగి ఒక్కొక్కడినీ కడిగేస్తుందనీ అనుకున్నాను. ఆవిడ పొత్రం ఆపి, చెయ్యి కడుక్కుని, లోపలికి పోయి పడుకుంది. మర్నాటి నుంచి ఎవరి మొహంలోకీ చూడటం మానేసింది. తల వంచుకుని ఇడ్లీ తీసేది, తల వంచుకుని ఆకులో పెట్టేది. చూస్తే గదా చట్నీ ఆపేది! ఆ వారమంతా గిన్నె ముందుకి తోసేసి "ఎంత కావాలంటే అంత ఏసుకోండి" అంది. ఎవరూ వేసుకోలేదు. కళ్లు దాస్తోంది చూశారా అన్నారు. నాకు ఆ చట్నీ గిన్నె చూస్తే ఏడుపొచ్చింది. పిసినారితనం పోయిన పెద్దమ్మని నేనెప్పుడూ చూడలేదు.

పోటీకి పోయేముందు ఊళ్లో ఒక ఆట వెయ్యడం జట్టుకి అలవాటు. సాయంత్రాలు కరెంటు ఉండదు కాబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టారు, జిన్నింగు మిల్లు దొడ్లో షామియానా వేసి. పొద్దున బస్సుకి గుంటూరు నటీమణి దిగింది. సంచీ భుజాన వేసుకుని తిన్నగా మా అరుగు మీదికొచ్చి ఇడ్లీ పెట్టమంది. ఆవిడకి మా వీధి సంగతులేం తెలుసు? పెద్దమ్మకి ఎదురుగా కూర్చుని, ఆవిడ మొహంలోకి చూస్తూ కబుర్లు చెబుతూ, చట్నీ మీద చట్నీ వేయించుకుని తిన్నది. చాలారోజుల తర్వాత పెద్దమ్మ తలెత్తి ఒక మనిషిని చూసింది. ఆవిడ అటు పోగానే లేచి పెట్టెలోంచి జరీచీర తీసింది.

"నువ్వెందుకు పెద్దమ్మా ఆ గోలలోకి?" అన్నాను.

"ఇంట్లో కూకుంటే దోషం నిజమైద్ది. పదవే" అంది.

పోయి ముందు వరసలో కూర్చున్నాం. మా చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. అంత జనంలో మాకు మాత్రం కాళ్లు చాపుకునేంత చోటు దొరికింది.

నాటకం బాగానే నడిచింది. నటీమణి వేదికకి ఎడమ పక్కన నిలబడి, పొద్దున తిన్న ఇడ్లీల బలంతో అద్భుతంగా ఏడుస్తోంది. అసలు ఘట్టం వచ్చింది. ఊరంతా ఆవిడ మీద వేలు చూపించాలి. నెల పైగా కిటికీ వైపు తిరిగిన చేతులకి ఎడమా కుడీ తెలుస్తుందా? "అదిగో!" అని కాటా గుమాస్తా అరవగానే జట్టంతా అలవాటు కొద్దీ నటీమణికి వీపు పెట్టి, కుడి చేతి వైపు, కిందికి, ముందు వరస మీదికి వేళ్లు చాపేసింది. వేళ్ల చివర జరీచీరలో మా పెద్దమ్మ. అప్పుడు గానీ వాళ్లకీ తెలియలేదు ఎవరిని చూపిస్తున్నారో. తెలిశాక భయంతో చేతులు దించడం కూడా మరిచిపోయారు.

"ఏమండీ, నేనిక్కడున్నాను" అంది నటీమణి వెనకనించి.

జనమంతా లేచి నిలబడ్డారు.  నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి వణుకుతోంది. తర్వాత భుజం, తర్వాత తల, తర్వాత మనిషంతా ఊగడం మొదలైంది. ఉన్నట్టుండి ముడి లాగేసి జుట్టు విరబోసుకుని లేచింది.

"ఊఁ..." అంది.

"అంకమ్మ తల్లే! పూనింది!" అని ఎవరో కేకేశారు.

ఇక మా వాళ్లకి ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదు. పూనకం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో పుట్టినప్పటి నుంచీ తెలుసు. దొడ్లో వేపచెట్టు కొమ్మలు విరిచారు. మేకప్పుకని పెట్టుకున్న పసుపు బిందెలో కలిపి కాళ్ల మీద పోశారు. మెకానిక్ భాయి, ఆ రోజు మైకు సెట్టు ఆయనదే, ఎందుకైనా మంచిదని మైకు తెచ్చి పెద్దమ్మ మొహం ముందు పట్టుకున్నాడు. అడగాల్సిన మాట అడగడానికి ఎవరూ ముందుకి రాకపోతే ఎదురింటి వదినే వణుకుతూ వచ్చి చేతులు జోడించింది.

"ఎవురమ్మా నువ్వు? ఏం కావాల తల్లీ నీకు?"

"నా బిడ్డ మీద ఏలు చూపిత్తార్రా!" అన్న గొంతు బస్టాండు దాకా వినపడింది. వేదిక మీద చాపిన చేతులన్నీ ఒక్కసారి వెనక్కి పోయాయి.

"తప్పయిపోయింది తల్లీ. శాంతించు. ఏం పెట్టమంటావు?"

"ఇడ్లీ!"

జనం మొహాలు చూసుకున్నారు. "పొంగలి కాదా తల్లీ?" అన్నాడు ఒక పెద్దాయన అనుమానంగా.

"పొంగలి తినీ తినీ నాలిక సచ్చిపోయింది. ఇడ్లీ! ఇంటికొకరు నా బిడ్డ అరుగు మీద కూకుని, నా బిడ్డ మొహం చూసుకుంటా తినాల. ఈపు తిప్పినోడి సంగతి నేను చూసుకుంటా!"

"ఎన్నాళ్లు తల్లీ?"

"వానలు పడిందాకా!"

పల్నాడులో వానలెప్పుడు పడతాయో అమ్మవారికి కూడా తెలియదు. అది అందరికీ తెలుసు. అయినా సరేనని తలలూపారు. అంతలో కాటా గుమాస్తా, ఊరిపెద్ద మీసంతోనే, వేదిక అంచుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తల్లీ, మరి చట్నీ ఎన్ని గరిటెలు?"

అమ్మవారు ఊగడం ఆపింది. తల తిప్పి ఆయన మొహంలోకి కన్నార్పకుండా చూసింది.

"ఒకటే" అంది.

ఆ చూపు నేను గుర్తుపట్టాను. కానీ ఆ మాట ఎవరితో అంటాను?

మర్నాడు తెల్లారేసరికి అరుగు చుట్టూ తిరనాళ్లలా ఉంది. తినేవాళ్లంతా పెద్దమ్మ వైపు తిరిగి, నమిలేంతసేపూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. రెప్ప వేస్తే తప్పేమోనని కాటా గుమాస్తా కళ్లవెంట నీళ్లు కారుతున్నా చూస్తూనే ఉన్నాడు. "అట్టా చూడమాకండయ్యా, సిగ్గేస్తంది" అని పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురింటి వదిన కొడుకుని ఎత్తుకొచ్చి ఆవిడ కళ్ల ముందు నిలబెట్టి, "బాగా చూడత్తా, ఇంకా చూడు" అని బతిమాలింది.

నరసరావుపేటలో మాత్రం మేస్టారి కొంప మునిగింది. ఆ ఘట్టంలో ఒక్కడూ వేలెత్తలేదు. ఎత్తితే అటువైపు ఏ తల్లి కూర్చుని ఉందోనని అందరూ చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తూ, మెల్లిగా మర్యాదగా "అదిగోనండీ" అన్నారు. బహుమతి రాలేదు. మేస్టారు తిరిగొచ్చి మా అరుగు మీదే కూర్చుని, పెద్దమ్మ మొహం చూస్తూ ఇడ్లీ తిన్నాడు.

వానలు ఆ ఏడు కాస్త ముందే వచ్చాయి. రోలు అరుగు మీద తడుస్తోందని లోపలికి జరుపుకున్నాం. బయట జల్లు కొడుతుంటే పెద్దమ్మ పిండి రుబ్బుతోంది, నేను పప్పు తోస్తున్నాను. ఇన్నాళ్లూ ఆపుకున్న మాట అడిగేశాను.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఆ రోజు అమ్మవారు నిజంగానే వచ్చిందా?"

ఆవిడ పొత్రం ఆపలేదు.

"ఆళ్ల చేతి ఏళ్లన్నీ నా మీదికి తిరిగినయ్యే. కాళ్లు వణికినయ్యి. చేతులు వణికినయ్యి. ఆపుకుందామంటే ఆగలా. నువ్వు చెయ్యి పట్టుకున్నావు చూడు, అప్పటికే పళ్లు టకటకా కొట్టుకుంటన్నయ్యి. అట్టా వణుకుతా కూకుంటే ఏమంటారు? అదుగో, తప్పు చేసింది కాబట్టే వణుకుతంది అంటారు. అందుకని జుట్టు ఇప్పుకున్నా."

"అంటే?"

"అంటే ఏముందే. వణుకు ఆ వణుకే. జుట్టు ఇప్పంగానే దణ్ణాలు పెట్టారు."

నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ చెయ్యి వణుకు నా అరచేతికి ఇంకా గుర్తుంది. పెద్దమ్మ పిండి వేలితో తీసి చూసుకుని, ఇంకో దోసెడు నీళ్లు పొయ్యమంది.

మర్నాడు పొద్దున నేను ఇడ్లీ తింటుంటే వచ్చి నా మొహంలోకి అలా చూస్తూ నిలబడింది. ఆ చూపుకి నేను ఆకు వెనక్కి లాక్కున్నాను. ఆవిడ గరిటె నింపి, అడక్కుండానే రెండోసారి చట్నీ వేసింది.